రాత్రిళ్లు కాళ్లు లాగుతుంటే కొత్త మాత్రకు ముందు పాత మందుల డబ్బా చూడండి

పగలంతా మామూలుగా తిరుగుతారు. రాత్రి మంచం మీద వాలగానే కాళ్లలో లాగుడు, పీకుడు మొదలవుతుంది. లోపలెక్కడో ఏదో పాకుతున్నట్టు ఉంటుంది, కాలు కదిపితే తప్ప ఊరుకోనివ్వదు. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్బామ్ 1945లో దీన్ని వివరంగా వర్ణించి ఆ పేరు పెట్టారు. మన దగ్గర ఇది ఎక్కువగా ‘నరాల బలహీనత’ ఖాతాలో పడిపోతుంది. బీ కాంప్లెక్స్ రాస్తారు, అది పనిచేయకపోతే నిద్రమాత్ర, ఆ తర్వాత ఇంకోటి. ఈ బాధను పెంచే మాత్ర అప్పటికే ఇంట్లో ఉందేమో, ఒంట్లో ఐరన్ తగ్గిందేమో ముందుగా చూసేవాళ్లు తక్కువ. చూడాల్సింది ఆ వరసలోనే.

అసలు అదేనా?

దీన్ని తేల్చేది స్కానింగ్ కాదు, మీరు చెప్పే లక్షణాలే. కాళ్లు కదపాలన్న ఆపుకోలేని కోరిక ఉండాలి. కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో అది పెరగాలి. కదిపినంతసేపైనా తగ్గాలి. సాయంత్రం నుంచి రాత్రికి ముదరాలి. ఈ నాలుగూ ఉండి, మరో కారణం కనిపించకపోతే ఇదే.

పొరబడేది మూడు చోట్ల. పిక్క పట్టేయడం వేరు: అక్కడ కండరం గట్టిగా ముడిపడి చేతికి తగులుతుంది, ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది, సాగదీస్తే వదులుతుంది. షుగర్ వల్ల వచ్చే నరాల మంట అరికాళ్లలో పగలు కూడా ఉంటుంది, నడిస్తే పోదు. కానీ షుగర్ ఉన్నవాళ్లకు రెండూ కలిసి ఉండొచ్చు. మూడోది అకథీసియా. అంటే కాళ్లే కాదు, ఒళ్లంతా, రోజంతా నిలకడ లేకపోవడం. మానసిక వైద్యంలో వాడే మందో, వాంతుల మందో మొదలుపెట్టిన గంటల్లో, రోజుల్లో ఇది వస్తుంది. దానికి కాళ్ల మాత్రలు కాదు కావలసింది, ఆ మందు రాసిన డాక్టరును వెంటనే కలవాలి.

మందుల డబ్బా

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి దాంట్లో మందు పేరు, రెండో దాంట్లో మొదలుపెట్టిన తేదీ, మూడో దాంట్లో కాళ్లు లాగడం మొదలైన లేదా ముదిరిన తేదీ. పేరంటే స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. మన దేశంలో ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి అమ్మడం మామూలు, దొంగ ఎక్కువగా అక్కడే దాక్కుంటాడు. రోజూ వేసుకునేవే కాదు, అప్పుడప్పుడూ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవీ రాయాలి.

మొదట జలుబు, ఎలర్జీ మాత్రలు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ (అవిల్ అదే), ప్రొమెథజిన్ (ఫెనర్గాన్, అవోమిన్), హైడ్రాక్సిజైన్ (అటరాక్స్), ఆకలి కోసం ఇచ్చే సిరప్‌లలోని సిప్రోహెప్టడిన్. మగత తెచ్చే ఈ పాతతరం మందులు మెదడులోకి చేరతాయి, కాళ్ల బాధను రేపుతాయి. తమాషా ఏమిటంటే, నిద్ర పట్టడం లేదని వీటినే వేసుకునేవాళ్లు చాలామంది. ఒంట్లో మగత, కాళ్లలో లాగుడు, రెండూ కలిసి రాత్రి నరకమవుతుంది. ఎలర్జీకి మందు తప్పనిసరి అయితే ఫెక్సోఫెనాడిన్ మెదడులోకి దాదాపుగా వెళ్లదు కాబట్టి దాని గురించి అడగండి. దాన్ని పళ్లరసంతో కాదు, నీళ్లతో వేసుకోవాలి. నారింజ, యాపిల్ రసాలు అది ఒంటికి పట్టకుండా చేస్తాయి. ముక్కు వరకే సమస్య అయితే ముక్కు స్ప్రేతోనే పోవచ్చు.

తర్వాత వాంతులు, గ్యాస్ మందులు. మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), ప్రోక్లోర్‌పెరజిన్ (స్టెమెటిల్) మెదడులో సంకేతాలు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. ఈ జబ్బులో గాడి తప్పేది మెదడులోని డోపమిన్ వ్యవస్థే కాబట్టి, ఇవి ఉన్న బాధను రెట్టింపు చేస్తాయి. ఎక్కువమంది గమనించనిది లెవోసల్పిరైడ్. రాబెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మందులతో కలిపిన క్యాప్సూల్స్‌లో ఉంటుంది, పరగడుపున నెలల తరబడి వేసుకుంటుంటారు. స్ట్రిప్ వెనక ఆ పేరు కనిపిస్తే, అది లేని విడి గ్యాస్ మాత్ర సరిపోతుందేమో డాక్టరును అడగండి. డాంపెరిడోన్ మెదడులోకి తక్కువగా వెళుతుంది, ఒన్‌డాన్‌సెట్రాన్ డోపమిన్ జోలికే పోదు. కాళ్ల వరకు ఈ రెండూ మేలే. అయితే రెండూ గుండె లయను దెబ్బతీయగలవు. గుండె జబ్బున్నవాళ్లు, పెద్దవయసువాళ్లు ఈసీజీ లేకుండా వీటిని రోజుల తరబడి వాడకూడదు. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ గానీ, ఫ్లుకోనజోల్ వంటి ఫంగస్ మాత్ర గానీ వాడుతున్నప్పుడు డాంపెరిడోన్ వద్దు.

తల తిరుగుడికి రాసే సినారిజిన్, మైగ్రేన్‌కు రాసే ఫ్లునారిజిన్ కూడా డోపమిన్‌ను అడ్డుకునేవే. తల తిరగడం ఎప్పుడో తగ్గిపోయినా, చీటీ మీద ఉంది కదా అని ఏళ్లు కొనసాగించేవాళ్లు ఉంటారు.

డిప్రెషన్, ఆందోళన మందుల దగ్గర చెయ్యి ఆపి ఆలోచించాలి. మిర్టజపిన్ కాళ్లను రేపడంలో ముందుంటుంది. అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లఫాక్సిన్, డ్యూలోక్సెటిన్ కూడా కొందరిలో పెంచుతాయి. అందరిలో కాదు. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన వారాల్లో కాళ్లు ముదిరాయా అన్నదే ఆధారం, పై కాగితం అందుకే. తేదీలు కలిసినా సరే సొంతంగా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, కంగారు, నిద్రలేమి వస్తాయి, అసలు జబ్బు తిరగబెడుతుంది. మందు మనసుకు బాగా పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉంచి కాళ్లకు వేరుగా వైద్యం చేయడమే చాలాసార్లు తెలివైన పని. మార్చక తప్పకపోతే బుప్రోపియాన్ కాళ్ల జోలికి పెద్దగా రాదు. మూర్ఛ ఉన్నవాళ్లకు మాత్రం అది కుదరదు. ఒలాంజపిన్, రిస్పెరిడోన్, హలోపెరిడాల్ వంటి మందుల విషయం పూర్తిగా సైకియాట్రిస్టు చేతిలో ఉండాలి. కాళ్ల కోసం ఇంకో డాక్టరు డోపమిన్‌లా పనిచేసే మాత్ర రాస్తే, రెండు చీటీలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇంకొక్క మాట. కాళ్లకే రాసిన ప్రీగాబాలిన్ మాత్ర పేరు చివర ‘ఎన్‌టీ’ అని ఉంటే, అందులో నార్ట్రిప్టిలిన్ కలిసి ఉన్నట్టే. నరాల మంటకు ఆ జోడీ మంచిదే. రెస్ట్‌లెస్ లెగ్స్‌కు మాత్రం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. విడి ప్రీగాబాలిన్ ఇవ్వమని అడగండి.

ఐరన్: హిమోగ్లోబిన్ చూసి వదిలేయకండి

రక్తం బాగానే ఉన్నా మెదడులో ఐరన్ తక్కువై ఉండొచ్చు. అందుకే చేయించాల్సింది ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), సీరమ్ ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం ఎంత ఐరన్‌ను మోయగలదో చెప్పేది). చివరి రెంటి నుంచి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ శాతం వస్తుంది. వీటితోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగర్, బీ12 కూడా చూపించుకోవాలి. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్లుగా వాడేవారిలో బీ12 తగ్గి కాళ్లలో తిమ్మిర్లు తోడవుతాయి. రక్తం పొద్దున్నే, పరగడుపున ఇవ్వాలి. కనీసం 24 గంటల ముందు నుంచి ఐరన్ మాత్ర ఆపాలి. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ కనిపిస్తుంది. తగ్గాక చేయించండి, లేదంటే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చెప్పే సీఆర్‌పీ కూడా కలిపి చూడాలి.

రిపోర్టులో ఫెరిటిన్ 25 ఉంటే ల్యాబు దాన్ని నార్మల్ అనే ముద్రిస్తుంది. ఈ జబ్బుకు ఆ లెక్క చెల్లదు. పెద్దవాళ్లలో (పిల్లలు కానివారిలో) ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, శాచురేషన్ 20 శాతం కన్నా తక్కువ ఉన్నా ఐరన్ ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలు ఒంటికి సరిగా పట్టవు కాబట్టి సెలైన్‌లో ఇచ్చే ఐరనే దారి.

మాత్ర వేసుకునే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. అసలు ఐరన్ 60 నుంచి 100 మి.గ్రా. ఉన్న మాత్ర రోజుకు ఒక్కటి చాలు, రోజు విడిచి రోజు వేసుకున్నా పరవాలేదు. రెండు పూటలా వేసుకుంటే ఎక్కువ పడుతుందనుకోవడం పొరపాటు. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి, తర్వాతి మోతాదుకు పేగు తలుపు మూసేస్తుంది. ఖాళీ కడుపుతో, నిమ్మరసంతోనో విటమిన్ సీతోనో వేసుకోండి. కడుపులో తిప్పితే కొద్దిగా తిని వేసుకోండి, అసలు మానేయడం కన్నా అది నయం. టీ, కాఫీ, పాలకు అటూ ఇటూ కనీసం గంట. కాల్షియం మాత్రకు, గ్యాస్ సిరప్‌కు రెండు గంటలు. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు. థైరాక్సిన్ పొద్దున్నే పరగడుపున వేసుకునేవాళ్లకు ఐరన్ సాయంత్రమో, పడుకునే ముందో పెట్టుకోవడమే సులువు. సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ కోర్సు నడుస్తున్న రోజుల్లో ఐరన్ ఆ యాంటీబయాటిక్‌ను పట్టేసుకుని పనిచేయనివ్వదు. ఆ వారం ఐరన్ ఆపేస్తే గొడవ ఉండదు. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవారికి కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి ఐరన్ సరిగా పట్టదు. మూడు నెలలు మాత్రలు మింగినా ఫెరిటిన్ కదలకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే.

విరేచనం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చి నీరసం కమ్మితే అది ఐరన్ కాదు, లోపల రక్తస్రావం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మగవాళ్లలో, ముట్లుడిగిన ఆడవాళ్లలో ఫెరిటిన్ బాగా తగ్గితే ఐరన్ ఎక్కడికి పోతోందో వెతకాలి, ఊరికే నింపుకుంటూ పోకూడదు.

12 వారాలకు మళ్లీ పరీక్ష. మాత్రలు పడనివాళ్లకు, పట్టనివాళ్లకు ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000 మి.గ్రా. సెలైన్‌లో ఇస్తారు. మర్నాటికే కాళ్లు నెమ్మదిస్తాయని ఆశపడకండి, నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అరుదుగా తీవ్రమైన ఎలర్జీ రావచ్చు కాబట్టి ఇంట్లో కాంపౌండరు చేత పెట్టించుకునే పని కాదిది. ఎక్కించాక అరగంట ఆసుపత్రిలోనే ఉండాలి. తర్వాతి వారాల్లో ఒంట్లో సత్తువ లేకపోవడం, ఎముకల నొప్పి మొదలైతే ఫాస్ఫేటు పరీక్ష చేయించండి. ఈ రకం ఐరన్ ఫాస్ఫేటును తగ్గిస్తుంది. గర్భం మొదటి మూడు నెలల్లో ఐరన్ సెలైన్ ఇవ్వరు.

ప్రీగాబాలిన్, గాబాపెంటిన్

పై రెండు పనులూ అయ్యాక కూడా వారంలో చాలా రాత్రులు నిద్ర చెడుతుంటే ఇప్పుడు మొదట ఇచ్చేవి ఇవి. ప్రీగాబాలిన్ సాధారణంగా 75 మి.గ్రా.తో మొదలుపెడతారు, 65 దాటినవారికి 50తో. గాబాపెంటిన్ 300తో, పెద్దవారికి 100తో. పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు వేసుకోవాలి. కాళ్లు లాగడం మొదలయ్యాక వేసుకుంటే ఆ రాత్రి ఆలస్యమైపోయినట్టే. మోతాదు వారానికోసారి డాక్టరు పెంచుకుంటూ వెళతారు. చాలామందికి ప్రీగాబాలిన్ 150 నుంచి 450 మధ్య ఎక్కడో సరిపోతుంది. 75 దగ్గరే ఆగి ‘ఇది పనిచేయలేదు’ అని వదిలేయడం తరచూ జరుగుతుంది.

తూలు, మగత, బరువు పెరగడం, పాదాల వాపు వీటి దుష్ఫలితాలు. మొదటి వారం బండి నడపకండి. రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు లైటు వేసుకుని, మంచం అంచున నిమిషం కూర్చుని లేవండి. షుగర్‌కు పయోగ్లిటజోన్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నవాళ్లకు పాదాల వాపు ఇంకా పెరుగుతుంది. ఆమ్లోడిపిన్ ఒక్కటే వాపు తేగలదు కాబట్టి, ఏది ఎప్పుడు మొదలైందో మీ కాగితమే చెబుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారు వాపును తేలిగ్గా తీసుకోకూడదు. మనసు కుంగడం, చచ్చిపోవాలన్న ఆలోచనలు రావడం అరుదే గానీ ఉంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

అన్నిటికన్నా ప్రమాదం జోడీలతో. ట్రమడాల్ వంటి నొప్పి మందులు, కోడీన్ దగ్గుమందు, క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలామ్, మద్యం, వీటిలో ఏది కలిసినా శ్వాస మందగించవచ్చు. అమెరికా ఔషధ సంస్థ 2019లో దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. గురక, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. గాబాపెంటిన్‌కు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ పడదు, రెండు గంటల తేడా పెట్టండి. ఏ మందైనా ఒక్కసారిగా మానొద్దు, కనీసం వారం తీసుకుని దించాలి.

క్లోనజెపామ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర విరివిగా రాస్తారు. అది నిద్రపుచ్చుతుంది గానీ కాళ్ల బాధ మీద దానికి గట్టి ఆధారం లేదు. అలవాటు పడుతుంది, వయసు పైబడినవాళ్లు తూలి పడిపోయేలా చేస్తుంది. ఐరన్ దగ్గర చెప్పిన 2025 మార్గదర్శకాలు దాన్ని సిఫార్సు చేయడం లేదు.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్: మొదట్లో మంత్రం, తర్వాత ముడి

ఇవి మెదడులో డోపమిన్‌లా పనిచేసే మాత్రలు. ప్రామిపెక్సోల్ 0.125 మి.గ్రా. గానీ, రోపినిరోల్ 0.25 మి.గ్రా. గానీ వేసుకున్న మొదటి రాత్రే కాళ్లు సద్దుమణగవచ్చు. చిక్కు తర్వాత వస్తుంది. నెలలు, ఏళ్లు గడిచాక రాత్రి పదికి మొదలయ్యే లాగుడు సాయంత్రం ఆరుకు, తర్వాత మధ్యాహ్నానికి జరుగుతుంది. కాళ్ల నుంచి చేతులకు పాకుతుంది. మాత్ర పనిచేసే గంటలు కుంచించుకుపోతాయి. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచితే రెండు వారాలు బాగుంటుంది, ఆ తర్వాత ఇంకా ముందుకు జరుగుతుంది. అందుకే వీటిని ఇప్పుడు మొదటి మందుగా వాడొద్దంటున్నారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు రోజూ లాగుడు మొదలైన సమయాన్ని క్యాలెండరు మీద రాయండి. సమయం ముందుకు జరుగుతోందంటే మోతాదు పెంచమని అడగకండి, మార్చమని అడగండి.

మార్చడం కూడా ఒక్కరోజులో అయ్యేది కాదు. ముందు ఫెరిటిన్ సరిచేసుకుని, ప్రీగాబాలిన్ తగిన మోతాదుకు చేరాక, పాత మాత్రను 0.125 చొప్పున (రోపినిరోల్ అయితే 0.25 చొప్పున) దింపుతారు. చివరి మాత్ర ఆపాక కొన్ని రాత్రులు, కొందరికి రెండు వారాల వరకు, నిద్రే ఉండదు. ఆ రోజులకు సెలవు పెట్టుకోండి. అది తెలియక మూడో రాత్రికే పాత మాత్రకు తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ.

ఈ మందుల ఇంకో ముఖం ఇంట్లోవాళ్లు కనిపెట్టాల్సింది. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగు, అదుపులేని కొనుగోళ్లు, తిండి యావ, లైంగిక కోరికలు పెచ్చరిల్లడం. మనిషి మారిపోయాడనుకుంటారు, కారణం మాత్ర కావచ్చు. పట్టపగలు చెప్పాపెట్టకుండా నిద్ర ముంచుకురావడం కూడా ఉంది, డ్రైవర్లకు ప్రాణాంతకం. రోపినిరోల్‌తో సిప్రోఫ్లోక్సాసిన్ కలిస్తే దాని స్థాయి రక్తంలో దాదాపు 84 శాతం పెరుగుతుంది. సిగరెట్ మానేసినా పెరుగుతుంది. ప్రామిపెక్సోల్ కిడ్నీల గుండా పోతుంది కాబట్టి క్రియాటినిన్ ఎక్కువున్నవారికి మోతాదు తగ్గాలి.

కిడ్నీ జబ్బు, గర్భం

డయాలసిస్ మీద ఉన్నవారిలో ఈ బాధ చాలా సాధారణం. శ్రీకాకుళం ఉద్దానంలా కిడ్నీ జబ్బు ఎక్కువున్న చోట్ల ఇది తెలిసి ఉండటం మరీ అవసరం. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాల్సిన సమయంలోనే కాళ్లు నిలవనివ్వవు, దాంతో డయాలసిస్ మధ్యలో ఆపించుకుంటారు. పైగా ఒంటి దురదకు అవిల్, అటరాక్స్, వాంతులకు పెరినార్మ్ ఇస్తారు, మూడూ కాళ్లను రేపేవే. డయాలసిస్ అయ్యాక 100 మి.గ్రా. గాబాపెంటిన్ ఇస్తే దురద, కాళ్లు రెండూ తగ్గే అవకాశం ఉంది. ఆ చిన్న మోతాదును మించడం నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చేతిలోనే ఉండాలి. పాడైన కిడ్నీలు దీన్ని బయటికి పంపలేవు. చేతులు ఎగిరిపడటం, మాట తడబడటం, మత్తు కమ్మడం కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గర్భిణులకు చివరి మూడు నెలల్లో ముదురుతుంది, కాన్పయ్యాక చాలామందికి పోతుంది. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మింగడం ఎక్కువగా జరిగే తప్పు. ఐరన్ ఒక పూట, కాల్షియం వేరే పూటలు పెట్టుకోండి. వేవిళ్లకు రాసే డాక్సిలమిన్ కూడా పాతతరం ఎలర్జీ మందే, కాళ్లు లాగడం దాంతోనే మొదలైందేమో చూసుకోండి. ప్రీగాబాలిన్ ఈ సమయంలో సొంతంగా వాడేది కాదు.

ఆ రాత్రికి, ప్రయాణానికి, ఆపరేషన్‌కు

మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేసి రెండు వారాలు చూడండి. మద్యం కూడా. సాయంత్రం నడక మంచిది, రాత్రి తొమ్మిదికి జిమ్‌లో బరువులెత్తడం చెడగొడుతుంది. బాధ మొదలయ్యాక పిక్కలు గట్టిగా పిసకడం, వేడినీళ్లు పోసుకోవడం, సాగదీయడం పనిచేస్తాయి. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లు నీళ్ల వేడిని మోచేత్తో చూసుకోవాలి. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగేవారు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి, దానికి వైద్యం చేస్తే కాళ్లూ కొంత నెమ్మదిస్తాయి.

రాత్రి బస్సు ఎక్కేముందు వాంతులు కాకుండా వేసుకునే అవోమిన్ ప్రొమెథజిన్ అని గుర్తుపెట్టుకోండి. అది వేసుకుని హైదరాబాదు నుంచి విశాఖ దాకా కూర్చోవడం మీ కాళ్లకు మీరే వేసుకున్న శిక్ష. నడవా పక్క సీటు తీసుకోండి, వీలైతే లేచి తిరగడానికి చోటున్న రైలు ఎంచుకోండి, చేతికి మనసుపెట్టే పని ఏదైనా ఉంచుకోండి. పజిల్, పేకాట ఏదైనా సరే, మెదడు పనిలో ఉంటే లాగుడు తగ్గుతుంది.

ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు మందుల కాగితం ముందే ఇవ్వండి. వాంతులకు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, మగతకు ప్రొమెథజిన్ వద్దని, గుండె లయ బాగుంటే ఒన్‌డాన్‌సెట్రాన్ వాడవచ్చని అందులో రాసి ఉంచండి. రాత్రి మాత్ర ఏ గంటకు వేసుకుంటారో చెప్పి, ఉపవాసం ఉంచినా దాన్ని కొద్ది నీళ్లతో ఇవ్వవచ్చా అని అడగండి. రక్తం ఎక్కువ పోయిన ఆపరేషన్ అయితే, కోలుకున్నాక ఫెరిటిన్ మళ్లీ చేయించుకోవాలి.